ఏడో మనిషి తొలగింపును నిలిపివేసిన సంగతి

సిరిసిల్ల,
సకల జనుల సమ్మె ముప్పయ్యో రోజు.

చిరంజీవి సుమిత్రకు బాపు ఆశీస్సులు.

ఏ ఉత్తరంలోనైనా ముందు విషయం, తరువాత సూచిక, ఆపైన క్షేమం తెలపాలన్నది ఇరవై రెండేళ్లుగా నేను మా తహసీలు ఆఫీసులో పాటిస్తున్న పద్ధతి. విషయం: నీ కన్నీళ్లు. సూచిక: జగిత్యాల హాస్టలు నుండి నువ్వు రాసిన ఉత్తరం. క్షేమం: నేను బాగున్నాను, ఆఫీసుకు తాళం పడినందున ఈ సంగతిని ధ్రువీకరించే అధికారి లేడు.

నువ్వు అడిగినట్లే వేళకు వండుకుంటున్నాను. పప్పు రెండుసార్లే మాడింది.

ఇక నీ కంప్యూటరు ప్రాజెక్టు. జావా భాషలో ఉన్న ప్రోగ్రాముల లైబ్రరీని సీ ప్లస్ ప్లస్‌లోకి తిరగరాశావు. అందులో మనిషి అంటే వట్టి నంబరు. పేరు, చోటు, పని ఆ నంబరుకు తగిలించే చీటీలు. పరీక్ష కోసం పదిమందితో ఒక ఊరు కట్టి, చివర పదిమందినీ తొలగిస్తే సున్నా మిగలాలి. జావాలో సున్నాయే వస్తోంది. నీదాంట్లో ఒకరు మిగిలిపోతున్నారు. సోమవారం లోపు సరికాకపోతే చదువే మానేస్తానని రాశావు.

బస్సులు లేవు కనుక నీ ఉత్తరాన్ని కోరుట్లలో ఉండే నీ మేనమామ విఠల్ హాస్టలుకు వచ్చి తీసుకుని, మోటార్‌సైకిల్ మీద తెచ్చి, సమ్మె శిబిరంలోనే నన్ను నిలదీశాడు.

“బావా, పిల్ల అన్నం తింటలేదు. లెక్కల ఒక మనిషి ఎక్కువైతుండట. మీ ఆఫీసుల గిట్లయితే ఏం జేస్తరు?”

“విచారణ జేస్తం.”

“గది అయ్యేదాక పిల్ల ఉపాసముండాల్నా?”

విచారణ పూర్తయింది. దోషిని నేనే, బిడ్డా.

వినాయక చవితికి వచ్చి తిరిగి వెళ్లే రోజు, నువ్వు బట్టలు సర్దుకుంటుండగా ఆ ఊరిని మన ఇంటి కంప్యూటరులో నేను నడిపి చూశాను. ఏడో నంబరుకు మీ అమ్మ పేరు పెట్టావు. మూడేళ్ల కింద పోయిన సత్తవ్వ తెర మీద సాంచాల వైపు, ఆ మరమగ్గాల పనికి, నడిచి పోతోంది. చివరికి తొలగింపులు వచ్చాయి. ఆ పేరు ఒకసారి పోయింది, చాలు అనిపించింది. ప్రోగ్రాములో ఒక వరుస ముందు రెండు వాలుగీతలు పెడితే అది పనిచేయదని నువ్వే నేర్పావు కదా. ఏడో తొలగింపు ముందు పెట్టాను. ఆఫీసు పద్ధతి ప్రకారం పక్కన పొట్టి సంతకం, తేదీ కూడా వేశాను. ఆ తరువాత నువ్వు సీడీలోకి ఎక్కించుకున్నది దానినే. లైబ్రరీ అంతా గాలించావు. పరీక్ష వరుసలను అనుమానించలేదు.

నీ పనిలో తప్పు లేదు. గీతలు తీసెయ్యి. అమ్మను పోనీ. సున్నా రాగానే అన్నం తిను.

అయితే ఒక నియమం. ఇకపై నీ లైబ్రరీలో ఎవరిని తొలగించాలన్నా, ముందుగా “చాయ తాగినవా?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగవలెను. జవాబు రాకున్నా కొంతసేపు ఆగవలెను. ఇది తుది నియమం. దీనిపై అప్పీలు లేదు.

ఇట్లు,
నీ బాపు
నర్సింగం