ఎనిమిదో అంశం

ప్రత్తిపాడు,
మార్చి 2.

ఈవెంట్ ప్లానర్ ఆశ్రిత గారికి,

మీరెవరో నాకు తెలియదు. అయినా ఈ ఉత్తరం ఇవాళే రాయక తప్పదు. నిన్న మా మిర్చి మహిళా రైతుల సంఘం అధ్యక్షురాలు పేరమ్మత్త, కళ్లంలో తాలుకాయలు ఏరుతున్న అందరి ముందూ, "ఈసారి మీటింగు గుంటూరు పిల్ల చేసుద్ది. మన భాను ఊరికే కూచుంటే చాలు" అంది.

ఆ భానుని నేనే. సంఘం కార్యదర్శిని. నాలుగేళ్లుగా వార్షిక సమావేశాలు నేనే జరిపాను. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని. ఫోనులో మాట గాలికి పోతుంది, కాగితం మీద మాట నిలుస్తుంది. అందుకే ఉత్తరం.

14న సమావేశం జరిగే కళ్లంలో పదకొండింటికి ఎండ ఏ వైపు నుంచి కొడుతుందో మీకు తెలుసా? పక్కన ఎండబోసిన కాయల ఘాటుకి మైకు ముందు మనిషి ఎన్నిసార్లు తుమ్ముతుందో తెలుసా?

ఇట్లు,
భానుశ్రీ, కార్యదర్శి (ఇప్పటిదాకా).

తా.క.: జవాబు ఈ ఉత్తరం తెచ్చిన షానవాజ్ అన్న ఆటోలోనే పంపండి. మీరెలా ఉంటారో చూసి రమ్మని అతనికి నేను చెప్పలేదు.

గుంటూరు,
మార్చి 4.

భానుశ్రీ గారికి నమస్కారం.

మీ సలహాలకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా చాలవు! వేదిక తూర్పుకి మార్చాను. కాయలు ముందురోజే ఎత్తించమన్నాను. ఇంత మంచి మనసున్న కార్యదర్శిని నేనెక్కడా చూడలేదు.

నలభై ఇద్దరు సభ్యులకూ ఫోనుల్లో వీడియో ఆహ్వానం పంపితే నలభై మంది వెంటనే బొటనవేలు గుర్తు పెట్టారు. కార్యక్రమాల పట్టిక జతచేశాను.

మీ అభిమాని,
ఆశ్రిత.

తా.క.: షానవాజ్ గారు నన్ను రెండుసార్లు తేరిపార చూసి, చెప్పులు ఎక్కడ కొన్నారని అడిగారు. ఎందుకండీ?

ప్రత్తిపాడు,
మార్చి 6.

ఆశ్రిత గారికి,

నేను సలహా ఇవ్వలేదు. ఎత్తిపొడిచాను. మీకు అర్థం కాకపోవడం నా తప్పు కాదు.

ఆ బొటనవేళ్లు చూసి మురిసిపోకండి. మా ఊళ్లో దానికి 'చూశాం' అని అర్థం, 'వస్తాం' అని కాదు. గడప తొక్కి, బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. కిందటేడు బిందుమాధవి వదిన, బొట్టు పెట్టలేదని పక్కింటి గృహప్రవేశానికి వెళ్లలేదు. వాళ్లు గోడ మీంచి పులిహోర పంపితే గోడ మీంచే తిప్పి పంపింది.

ఇంకో మాట. పట్టికలో ఎనిమిదో అంశం ఖాళీగా వదిలారు. అది మీకు చేసే సన్మానమని నాకు తెలియదనుకోవద్దు. మొన్న పేరమ్మత్త చీర కొనడానికి నన్ను మంగళగిరి తీసుకెళ్లి, "నువ్వైతే ఏది కట్టుకుంటావే?" అంటే చిలకాకుపచ్చది చూపించాను. నా చేత ఏరించి మీకు పెడతారన్నమాట!

ఇట్లు,
భానుశ్రీ.

తా.క.: మీకు ఆకుపచ్చ నప్పదని షానవాజ్ అన్న అన్నాడు.

గుంటూరు,
మార్చి 8.

భానుశ్రీ గారికి,

ఎనిమిదో అంశం గురించి నేనేమీ చెప్పకూడదు, పేరమ్మ గారు ఒట్టు వేయించుకున్నారు. మీ ఉత్తరం చదివి భయమేసి బిందుమాధవి గారికి ఫోన్ చేస్తే, "చూశాంగా అమ్మా" అని పెట్టేశారు. సగం మందైనా రాకపోతే సమావేశం చెల్లదట. నాకు మీ ఊళ్లో ఒక్క ఇల్లూ తెలియదు. మీరు వెళతారా?

మిమ్మల్నే నమ్ముకున్న,
ఆశ్రిత.

తా.క.: నాకు ఆకుపచ్చ బాగానే నప్పుతుంది.

ప్రత్తిపాడు,
మార్చి 12.

ఆశ్రిత గారికి,

సంఘం మునిగితే మీకేం, మాకు గానీ! అందుకని అమ్మను వెంటబెట్టుకుని రెండు రోజుల్లో నలభై ఒక్క గడపలు తొక్కాను. నస్రత్ పిన్నికి బొట్టు బదులు మల్లెపూలిచ్చాను. ప్రతి ఇంట్లోనూ "ఎవరి తరఫునే?" అన్నారు. "గుంటూరు ఆశ్రిత గారి తరఫున" అన్నప్పుడల్లా పచ్చిమిరపకాయ కొరికినట్టయింది.

అందరూ వస్తారు. మీటింగు మీది, చీర మీది. నేను మాత్రం రాను. ఎందుకో పిలుపులు లెక్కపెట్టుకుంటే మీకే తెలుస్తుంది.

సెలవు,
భానుశ్రీ.

తా.క.: మజ్జిగలో అల్లం వేయించండి. ఇది సలహాయే.

గుంటూరు,
మార్చి 15.

భానుశ్రీ గారికి,

నలభై ఒక్క మందీ వచ్చారు. ఎనిమిదో అంశం దగ్గర పేరమ్మ గారు చిలకాకుపచ్చ చీర పట్టుకుని మైకు ముందుకొచ్చి, "నాకు ఓపిక లేదమ్మా. ఇకనించి నా కుర్చీ భానుది. లేచి రావే!" అన్నారు. చప్పట్లు మోగాయి. ఎవరూ లేవలేదు.

"ఏదే భాను?"

"మనందర్నీ పిలిచింది గదా, ఉండే ఉంటది."

"అది మనల్ని పిలిచింది. దాన్నెవరు పిలిచారంట?" అని బిందుమాధవి గారు లేచారు. "బొట్టు పెట్టందే ఎట్టొచ్చుద్ది? నేనైనా రాను!"

నలభై ఒక్క మందీ నా వైపు చూశారు. కాబోయే అధ్యక్షురాలు లేకుండా ఎన్నికేంటని సభను 21కి వాయిదా వేశారు.

నన్నెందుకు పెట్టుకున్నారో ఇప్పుడు చెప్పొచ్చు. మొదటి రోజే పేరమ్మ గారిని అడిగాను, మీ కార్యదర్శి ఉండగా నేనెందుకని. "దాని పండక్కి దాని చేతే చాపలు పరిపించమంటావా?" అన్నారు.

నిజానికి నిన్న కుళ్లుకున్నది నేను. ఎన్నో సభలు నడిపాను. నేను లేనని ఒక్కటీ ఆగలేదు.

18న కుంకుమ భరిణె పట్టుకుని మీ గడపకు వస్తున్నాను. ఇంట్లో ఉంటారో లేదో 17వ తేదీలోగా రాయండి.

మీ
ఆశ్రిత.

తా.క.: ఆ చీర ఒక్కసారి భుజాన వేసుకుని అద్దంలో చూసుకున్నాను. షానవాజ్ గారు చెప్పింది నిజమే.