ఉయ్యాల దాకా

సరోజా,

నువ్వు పోయి ఇవ్వాళ్టికి ఏడాది. సంవత్సరీకం భోజనాలయ్యాక, ఏటా నువ్వు చేసినట్టే మీ బడి గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టించి, ఆ పాత జపాను సినిమా వేశాను. ఆదివారం కాబట్టి, నీ దగ్గర చదువుకున్న పత్తి జిన్నింగ్ మిల్లు ఆడవాళ్ళంతా వచ్చారు. నువ్వైతే మాటలన్నీ తెలుగులో చెప్పేదానివి. ఈసారి ఆ పని నా మెడకు చుట్టుకుంది. తెర కింద ఇంగ్లీషు చదివి చెప్పుకొచ్చాను.

ఆ సినిమాలో ముప్పయ్యేళ్ళు ఫైళ్ళ మీద ముద్రలు వేసిన గుమాస్తా, ఇక బతకనని తెలిశాక పిల్లలకో పార్కు కట్టిస్తాడు. రిటైరయ్యేదాకా నేను చేసిందీ ఆ ముద్రల పనే. చివర్లో ఆయన ఆ పార్కులో ఉయ్యాల మీద కూర్చున్నాడు. పైనుంచి తెల్లగా ఏదో రాలుతోంది. ఆదోనిలో పుట్టినవాణ్ణి, నాకింకేం తోస్తుంది?

"మిల్లు పక్కన కట్టించినట్టున్నాడు, దూది పడుతోంది" అన్నాను.

అందరూ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న లక్ష్మమ్మ, "దూది గాదు సార్, మంచు. టీచరమ్మ సెప్పింది. మీరెప్పుడూ సూడల్యా?" అంది.

చూడలేదు. సగంలోనే టీకని లేచి వెళ్ళిపోయేవాణ్ణి కదా.

"ఈ ఉయ్యాల కాడికొస్తే టీచరమ్మ మాటలాపి తలుపు దిక్కు సూస్తాండె సార్, ఎవరో వస్తారన్నెట్ల."

సినిమా అయిపోయేదాకా, నువ్వు నిలబడే చోటే నిలబడి, నేనూ ఆ తలుపు వైపే చూశాను.