బ్రిగేడియర్ దొర ప్రార్థన మనవి

ఏసుదాసన్నా, పటాలంలో నువ్వు కారు నడిపిన బ్రిగేడియర్ దొర ఇవాళ దుబాయ్‌లో మన జెబెల్ అలీ కూలీల క్యాంపుకి ఎవరి కారులో వచ్చాడో చెప్పగలవా?

మన లేబర్ కాంట్రాక్టరు కారులో! నువ్వు కన్నుమూసి నేటికి ఏడాది. దొర రిటైరై మన జిల్లాలో ఎన్నికలకు నిలబడుతున్నాడు. ఖర్చంతా కాంట్రాక్టరుదేనట. అప్పట్లో ఎవరో పంపిన మిఠాయి పెట్టెను ఆయన గేటు దగ్గరనుంచే తిప్పి పంపాడని నువ్వు మురిసిపోతూ చెప్పేవాడివి.

నువ్వు పోయాక శుక్రవారం ప్రార్థన కూటం నేనే నడుపుతున్నాను. మన పద్ధతి నీకు తెలిసిందే. ఎంతటివాడైనా చాప మీద కూర్చుని, తన ప్రార్థన మనవి తన నోటితోనే చెప్పాలి.

"దేనికోసం ప్రార్థించాలి, అయ్యా?" అన్నాను.

దొర నోరు విప్పేలోగా కాంట్రాక్టరే అందుకున్నాడు. "సార్ గెలవాలని, బ్రదర్. తల మీద చెయ్యిపెట్టి దీవించు. యల్లా, తొందరగా!"

"గెలిస్తే, మా పాస్‌పోర్టులు ఈయన బీరువాలో ఎందుకున్నాయని అడుగుతారా?" అని దొరనే అడిగాను.

దొర ముందు కాంట్రాక్టరు ముఖం చూశాడు. ఆ తర్వాతే "చూద్దాం" అన్నాడు.

బైబిల్లో, కుష్ఠు నయమైన సేనాధిపతి కానుకలిస్తానన్నా ప్రవక్త ముట్టలేదు. ఇక్కడ సేనాధిపతే కానుక పుచ్చుకున్నాడని నా అనుమానం. దీవించడానికి నా చెయ్యి లేవలేదు.

"నీ పని ఖలాస్. రేపే ఊరికి పంపిస్తా" అని కాంట్రాక్టరు పళ్ళు కొరికాడు. దొరకు ఓటెయ్యమని ఇళ్ళకు చెప్పండంటూ మనవాళ్ళకు ఫోన్ కార్డులు పంచి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు.

నేను చాప మీద లేచి నిలబడి అరిచాను, అన్నా. "తమ్ముళ్ళారా, ఆ కార్డులు గీకకండి! మీ సొంత కార్డుతో ఇవాళే, ఇప్పుడే ఇంటికి ఫోన్ చెయ్యండి. దొర ఓటడగడానికి గుమ్మంలోకొస్తే, మన పాస్‌పోర్టుల సంగతి నిలదీయమనండి!"