జీలకర్ర బెల్లం ట్రయల్

చిరంజీవి అశోక్‌ను మీ అమ్మ మనసారా దీవించి రాసే జాబు. ఇక్కడ నేను, మీ నాయన, గొర్రెలు, బర్రె అందరం బాగుండాము. మీ నాయన మోకాలు ఒక్కటే బాగలేదు. ఆ బార్డరు మంచుకొండల్లో నువ్వు వేళకు తింటా, తల తడవనీకుండా చూసుకుంటా ఉంటావని తలుస్తా ఉండాము.

నీ జాబు మొన్న శుక్రవారం అందింది. పోస్టు శ్రీరాములు మామ గేటు కాడే నిలబడి, "ముందు సెలవు సంగతి చదువమ్మా, మిగతాది నువ్వు తర్వాత చదువుకో" అన్నాడు. అక్క పెండ్లికి రెండు రోజుల ముందే దిగుతా అని నువ్వు రాసిన ముక్క గట్టిగా చదివినా. ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపినా. మీ నాయన ఆ ముక్క చూపించమని మూడుసార్లు అడిగినాడు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బర్రె ఈనింది, పెయ్యదూడ. బోరులో నీళ్లుండాయి గానీ మోటరు రెండుసార్లు కాలింది. మీ నాయన మోకాలికని నువ్వు పంపిన పట్టీ ఆయనకు బిగుతంట, దాన్ని తీసుకపోయి కాలు బెణికిన గొర్రెపిల్లకు కట్టినాడు. గొర్రెపిల్ల ఇప్పుడు బాగా నడస్తా ఉంది.

"పెండ్లికూతురి మేకప్పుకు ముందుగా ట్రయల్ ఏందమ్మా, పెండ్లికి కూడా కవాతు ఉంటదా" అని రాసినావు. ఉంటదంట నాయనా. నేను కూడా నీ మాదిరే నవ్వినా. నవ్విన పాపానికి ఆ కుర్చీలో నేనే కూర్చున్నా.

మార్కాపురంలో సుచరిత అని ఒక పిల్ల పార్లర్ నడుపుతా ఉంది. ముప్పై ఏండ్లుంటాయి. పెండ్లిండ్ల సీజన్‌లో ఆ పిల్ల దొరికేది కలెక్టరు దొరికినట్లే. పొద్దున పొదిలిలో ఒక పెండ్లికూతురు, సాయంత్రం యర్రగొండపాలెంలో ఇంకొకామె. మీ అక్క ముహూర్తానికి ఆ పిల్లను మాట్లాడినాము. ముందుగా ఒకరోజు మొహానికి వేసి చూడాలంట. ఏ రంగు ఒప్పుతాది, ఏది వేస్తే బూడిద పూసినట్ల ఉంటాది, దురద పుడతాదా, ఈ వైశాఖం ఎండకు ఎన్ని గంటలు నిలబడతాది, పూలజడ బరువుకు మెడ నొప్పి చేస్తాదా, అన్నీ చూడాలంట. ఆ పిల్లకు ఖాళీ ఉన్నది ఒక్క గురువారమే. ఆ గురువారం ఒంగోలు ఆస్పత్రిలో మీ అక్కకు డ్యూటీ, సెలవియ్యలేదు. ఇంకో రోజు ఇయ్యమని బతిమాలేదానికి ఆ పొద్దు నేను పోయినా.

సుచరిత నా గడ్డం పట్టుకొని వెలుగు వైపు తిప్పింది. "ఆంటీ, రేణుకది మీ రంగే గదా?"

"నా రంగే. మొహం కూడా నాదే. మొండితనం మాత్రం వాళ్ల నాయనది."

"అయితే మీరు కూర్చోండి."

"నాకేందమ్మా ఇప్పుడు! నలభై ఆరేండ్లు."

"ఊరికే రంగు చూసేదానికి ఆంటీ."

ఊరికే రంగు చూసేదానికని మొదలుపెట్టి రెండున్నర గంటలు వదల్లేదు. ముందు ఐసుముక్కతో మొహమంతా రుద్దింది. ఆమీద ఒక రంగు, దానిమీద ఇంకో రంగు, తడి స్పాంజి పెట్టి గోడకు లప్పం పెట్టినట్ల అద్దింది. నా రెప్పలకు ఇంకో జత రెప్పలు అంటించింది, కన్ను మూస్తే వాకిలి మూసినంత బరువు. నా జుట్టు సంగతి నీకు తెలుసు గదా, ఎలకతోకంత. దానికి సవరం కలిపి మోకాళ్ల దాకా జడ దింపింది. ముందర జుట్టును పైకి లేపి స్ప్రే కొట్టింది. అయినంక అద్దం నా వైపు తిప్పింది. అందులో ఉన్నామెకు దండం పెట్టబోయి ఆగినా.

కడుక్కొని పోదామని లేచినా. "కడగొద్దు ఆంటీ! ఆరు గంటలు అట్లనే ఉంచాల. చెమటకు నిలబడతాదో లేదో చూడాల. ఏడవొద్దు, మొహం తుడుచుకోవద్దు, సాయంత్రం ఫోటో తీసి పంపండి" అనింది. పాత వాయిల్ చీర మీద, చేతిలో కూరగాయల సంచితో, నెత్తిమీద పెండ్లికూతురి జడతో మార్కాపురం బజారులో మిట్టమధ్యాహ్నం నడిచినా. గిద్దలూరు బస్సెక్కి మనూరి కాడ దిగినా. బస్సులో ఏం జరగలేదు.

ఇంటికాడ మీ నాయన గొర్రెలకు తొట్లో నీళ్లు పోస్తా ఉన్నాడు. నన్ను చూసి భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకున్నాడు. "రండమ్మా, కూర్చోండి. మా ఆడమనిషి మార్కాపురం పోయింది, వచ్చే వేళయింది" అన్నాడు. ఎంత మర్యాద! ఇరవై ఏడేండ్లలో నాకు ఒక్కసారి కూడా అంత మర్యాద జరగలేదు. "అన్నం తిన్నావా?" అన్నా. ఆ గొంతుకు చేతిలో బిందె వదిలేసినాడు.

లోపలికి పోయి, పెండ్లికని కుట్టించిన తెల్లచొక్కా తొడుక్కొని వచ్చినాడు.

"ఏంది, యాడికి?"

"యాడికీ లేదులే కిష్ణా. నువ్వట్ల ఉంటే నేనిట్ల ఉంటే బాగుండదు గదా."

మా పెండ్లిలో ఫోటోలు తీసిన రీలు వెలుతురు తగిలి మొత్తం పాడైపోయింది. మాకొక్క పెండ్లి ఫోటో కూడా లేదు. ఎదురింటి పెద్దన్న మామను పిలిచి సెల్లులో తీయమన్నాడు మీ నాయన. దాన్ని కాగితం మీద తీయించి ఈ జాబులో పెట్టినా. అందులో మీ నాయన పక్కనున్నామె నేనే. మీ మిలిట్రీ పోస్టులో ఎవురన్నా అడిగితే అమ్మ అని చెప్పు, భయపడొద్దు.

ఇంతవరకు నవ్వుకుంటా చదివింటావు. బస్సులో ఏం జరగలేదని పైన రాసినా గదా, అది అబద్ధం. కొట్టేద్దామంటే పేజీ పాడైపోతాదని ఇక్కడ రాస్తా ఉండా.

నేను కిటికీ పక్కన తల వంచుకొని కూర్చున్నా. బస్సు కదిలే ముందు ఒకామె గుడ్డల సంచులతో ఎక్కి నా పక్కన కూలబడింది. చూస్తును గదా, మన వియ్యపురాలు కాశమ్మ వదిన! మీ బావ మహేష్‌కు అమ్మ. పెండ్లిచూపులప్పుడు ఒకసారి, నిశ్చితార్థంలో ఒకసారి చూసుకున్నదే మేము. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నేను ఎవురో ఆమెకు తెలియలేదు. ఈ వయసులో ఇట్ల తయారైనానని చెప్పేదానికి నాకు సిగ్గేసింది, కిటికీ వైపు తిరిగినా.

"ఏ ఊర్లో అమ్మా నాటకం?" అనింది.

నోట్లోంచి ఎట్లొచ్చిందో ఏమో, "కంభం పక్కన" అన్నా.

"ఏం ఏషం?"

"రాణి ఏషం."

"బాగుండావమ్మా, రాణి మాదిరే ఉండావు" అనింది. అంతటితో అయిపోతే బాగుండు. కాసేపాగి నా జడ ముట్టుకొని చూసి, చెవి కాడికి వంగింది. "నువ్వు నా కూతురి లాంటిదానివి, ఒకటడుగుతా. మీ నాటకాల్లో మగోళ్లు విగ్గులు పెట్టుకుంటారు గదా, అవి ఊడకుండా ఎట్ల అంటిస్తారు?"

"ఎందుకమ్మా?" అన్నా, గొంతు బొంగురు చేసి.

అప్పుడు మొత్తం చెప్పింది. మహేష్‌కు నడినెత్తిన జుట్టు పోయిందంట. గిద్దలూరు బోరు నీళ్లకని ఆమె, చదువు ఎక్కువై అని వాళ్లాయన. పైన ప్యాచ్ అని ఏదో అంటించుకుంటాడంట. "ఆడపిల్లోళ్లకు చెప్పలేదమ్మా. చెప్తామనుకుంటానే కార్డులు కూడా అచ్చేసినాము. ఇప్పుడు నా భయమంతా జీలకర్ర బెల్లం. ముహూర్తానికి ఆ పిల్ల మావాని నెత్తిన పెడతాది గదా. బెల్లం బంక మాదిరి పట్టుకుంటాది. తీసేటప్పుడు దాంతోటే ఇదీ వస్తే, నిండు పందిట్లో నా కొడుకు ఏం కావాల?" అని కండ్లు తుడుచుకునింది. నాకు కూడా ఏడుపొచ్చింది గానీ సుచరిత ఏడవొద్దనింది గదా, ఆపుకున్నా. "మాకు పిన్నులు కొడతారమ్మా" అని చెప్పి, మనూరు రాంగానే దూకినట్ల దిగినా.

రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు అశోకూ. ఇప్పుడు జుట్టు దాచినోళ్లు రేపు ఇంకేం దాస్తారో అనుకున్నా. పోయి నిలదీద్దామనుకున్నా. ఏమని నిలదీయాల? ఆమె కొడుకు జుట్టు దాచింది, నేను నా మొహమే దాచినా. మూడోరోజు మీ అక్కకు ఫోన్ చేసి చెప్పినా. అది అరగంట నవ్వింది.

"నాకు తెలుసమ్మా. మాట్లాడిన రెండోరోజే చెప్పినాడు. వీడియోలో తీసి కూడా చూపించినాడు. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదే!"

"నీకు చెప్తే నాయనకు తెలుస్తాది. నాయనకు తెలిస్తే గొర్రెలతో సహా అందరికీ తెలుస్తాది."

జీలకర్ర బెల్లం సంగతి మాత్రం మీ అక్కకు తట్టలేదు. నవ్వు ఆపేసి ఆలోచించి, "సరే, దానికి కూడా ట్రయల్ వేద్దాం" అనింది. మహేష్‌తో మాట్లాడి, సుచరితను బతిమాలి, రెండు పెండ్లిండ్ల మధ్యలో ఒక గంట, వారం తర్వాత నిన్న ఆదివారానికి తీసుకునింది.

నిన్న పార్లర్ తలుపేసి, మీ అక్క, మహేష్, కాశమ్మ వదిన, నేను, సుచరిత లోపల కూర్చున్నాము. రేణుకకు ముందే తెలుసని కొడుకు చెప్పినాడంట, వదిన మొహంలో సగం బరువు దిగింది. నా మొహం మాత్రం ఆమె వైపు తిప్పలేకపోయినా. సుచరిత ప్యాచ్‌కు కొత్త టేపు వేసి, చుట్టూ క్లిప్పులు పెట్టింది. ఇంటికాడ నేను నూరి తెచ్చిన జీలకర్ర బెల్లం మీ అక్క తమలపాకులో పెట్టి ఆయప్ప నెత్తిమీద అద్దింది. పావుగంట ఉంచుదామన్నారు.

ఆ పావుగంటలో ఊరకుండలేక సుచరిత వదినకు ఫోన్లో, నేను ఆ సాయంత్రం పంపిన నా మొహం ఫోటో చూపించింది. "చూడండి ఆంటీ, ఈమెకు ఆరు గంటలు ఎండలో చెదరలేదు."

"ఈ నాటకాలామె ఇక్కడికి కూడా వచ్చిందా! బస్సులో నా పక్కనే కూర్చునింది. నా బాధంతా ఓపిగ్గా వినింది పాపం."

"నాటకాలామె ఏంది ఆంటీ? వీళ్లమ్మ గదా!"

వదిన ఫోటోను చూసింది, నన్ను చూసింది, మళ్లా ఫోటోను చూసింది.

"రాణినంటివి" అనింది.

"తప్పైంది వదినా. సిగ్గేసి ఒక అబద్ధం చెప్పినా, అది ఆగకుండా పోయింది."

"మా ఇంటి గుట్టంతా నీ చెవిలో పోసినానే!"

"నా చెవిలోనే గదా వదినా పోసింది. బయటోళ్ల చెవిలో కాదు గదా."

ఆమె ఏమనేదో నాకు తెలియదు. అప్పుడే మీ అక్క చెయ్యి తీసింది. చేతిలో తమలపాకు, తమలపాకుకు బెల్లం, బెల్లానికి క్లిప్పులతో సహా జుట్టు. మహేష్ నెత్తి తడుముకొని, "ఫ్యాను గాలి బాగా తగులుతా ఉంది" అన్నాడు.

మీ అక్క నేలమీద కూర్చొని నవ్వింది. ఆయప్ప నవ్వినాడు. "టేపు మారుద్దాం సార్, ఇంకో రకం ఉంది" అని సుచరిత పెట్టెలో వెతుకుతా ఉంటే, "వద్దులే మేడం" అన్నాడు. "ముహూర్తానికి రేణుక చెయ్యి నా నెత్తిమీద పడాల. మధ్యలో ఇదెందుకు?"

మీ అక్క నవ్వు ఆగిపోయింది. లేచి, ఇంకో తమలపాకు తీసుకొని, ఆ బట్టనెత్తి మీద మెల్లగా పెట్టి అట్లనే పట్టుకునింది. ఆయప్ప కండ్లు మూసుకున్నాడు. ఒంగోలులో వందమందికి సూదులేసే పిల్ల, పావుగంట దాటినా చెయ్యి తీయలేదు.

వదిన గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకునింది. "అందరూ ఏమంటారో" అనింది. "ఏమన్నా అనుకోనీ వదినా, ఒక పూట అంటారు, భోజనాలకు లేస్తారు" అన్నా. కాసేపటికి ఆమె సుచరిత కాడికి పోయి, నాకు వినపడదనుకొని అడిగింది. "పెండ్లిరోజు నీకు ఖాళీ ఉంటే, నాకు కూడా ఈమెకు వేసిన మొహం వేస్తావా అమ్మా?"

వేస్తానని చెప్పింది. నాకు కూడా వేయమని చెప్పినా. సిగ్గు పోయింది నాయనా, ఇంకేం దాచేది.

ఇదంతా ఎందుకు రాసినానంటే, నువ్వు బస్సు దిగేసరికి పెండ్లి పనుల్లో చెప్పే తీరిక ఎవురికీ ఉండదు, నీకు ముందే తెలిసుండాల. మీ బావను ఉత్త నెత్తితో చూసి బిత్తరపోవద్దు. మీ స్నేహితుల మాదిరి తల నిమిరి ఎగతాళి చేయొద్దు. అక్షింతలు పైనుంచి విసరకుండా దగ్గరికి పోయి వెయ్యి. నవ్వొస్తే ఆపుకో. ఆయప్ప నవ్వితే అప్పుడు నువ్వు కూడా నవ్వు.

దోవలో జాగ్రత్త. రైలులో తలుపు కాడ కూర్చోవద్దు.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
మీ అమ్మ,
కృష్ణకుమారి