మాడు వాసన

ఏలూరు, ఆదివారం రాత్రి

సాయంత్రం శ్రావణి అడిగిందని ఎయిర్ ఫ్రయ్యర్‌లో ఆనియన్ రింగ్స్ చేశాను. ఉల్లి చక్రాలను జారుగా కలిపిన మైదాలో ముంచి, బ్రెడ్ పొడి అద్ది, కాస్త నూనె రాసి బుట్టలో పేర్చాను. రెండో వాయికి టైమర్ ఎక్కువ పెట్టినట్టున్నాను. పక్కనే నిలబడి గిన్నెలు సర్దుకుంటుంటే శ్రావణి హాల్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఇల్లంతా మాడు కంపు! నీ ముక్కెక్కడ పెట్టుకున్నావ్? రింగులడిగితే బొగ్గులు పెడతావా?"

బుట్ట లాగితే అన్నీ నల్లగా ఉన్నాయి. పొగకి కళ్లు మండాయి గానీ ముక్కుకి ఏమీ తెలియలేదు. "జలుబులే" అన్నాను. నాకు జలుబు లేదు.

అమ్మకీ ముందు పోయింది వాసనే. ఆకివీడులో ఇంటి ముందు చేపల లారీ ఆగితే మేమంతా ముక్కులు మూసుకున్నాం, అమ్మ మాత్రం తాపీగా అన్నం తింటోంది. నవ్వుకున్నాం కూడా. ఆ తర్వాత పేర్లు పోయాయి, వీధులు పోయాయి. చివరికి ఒకరోజు నేను ముద్దలు కలిపి పెడుతుంటే, ఎంతో మర్యాదగా, "ఏవండీ, మీరు ఎవరి తాలూకండీ?" అంది.

ఇందాక కాఫీపొడి డబ్బా మూత తీసి చూశాను. వాసన వచ్చింది. నిజంగా వచ్చిందా, అది కాఫీపొడేనని తెలుసు కాబట్టి వచ్చిందనిపించిందా? కళ్లు మూసుకుని, శ్రావణి చేత ఒక్కో డబ్బా ముక్కు దగ్గర పెట్టించుకుంటే తేలిపోతుంది. కానీ మొదటి డబ్బా చేతికిచ్చేసరికే దానికి అర్థమైపోతుంది. అమ్మమ్మని దగ్గరుండి చూసిన పిల్ల...