తలకిందులైన పదహారు పేజీలు

అక్టోబర్ 9

కాలేజీ అప్లికేషన్ ఎస్సే మూడోసారి వెనక్కి వచ్చింది. లీడర్‌షిప్, పర్ఫెక్షన్, చిన్న తప్పును కూడా సహించని స్వభావం, అన్నీ రాశాను. ఇంకేం కావాలో. కౌన్సెలర్ మేడమ్ చివరిదాకా చదివి, పైన పేరు మారిస్తే ఇది క్లాసులో ఎవరిదైనా కావచ్చు కదమ్మా అన్నారు. తల కొట్టేసినట్టయింది. నా మార్కులు అంతంతమాత్రం. ఎస్సే కూడా పోతే ఆ సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే. గడువు ఇరవయ్యో తారీఖు.

అక్టోబర్ 12

తాతయ్య బైండింగ్ షాపు ఖాళీ చేస్తున్నాం. ఆయన పోయి ఏడు నెలలు. నాన్న కటింగ్ మిషన్ ఎవరికో ఇచ్చేశాడు. నేల మీద దాని నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. జిగురు వాసన మాత్రం ఇంకా పోలేదు. ఆ వాసనకి ఏడుపొచ్చింది.

తాతయ్య పెద్దగా చదువుకోలేదు. పాత పుస్తకం చేతికి రాగానే వెన్ను మీద నిలబెట్టి, రెండు చేతులూ తీసేసేవాడు. అదంతట అదే ఒకచోట తెరుచుకునేది. మనిషి మళ్ళీ మళ్ళీ వెళ్ళిన చోటు అదేనే, మిగతాదంతా అట్టలు నిండటానికి అనేవాడు. నేను నవ్వేదాన్ని.

అక్టోబర్ 13

ఏం రాయాలో నాకు తెలుసు. రాయను.

అక్టోబర్ 17

రాశాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా వీధిలో ఉండే లెక్చరర్ గారి పాత నిఘంటువు బైండింగుకి వచ్చింది. పదహారేసి పేజీల మడతల్ని వరసగా పేర్చడం నా పని. ఒక మడత తలకిందులుగా పెట్టాను. కుట్టి, జిగురు పట్టించి, అట్ట వేశాక గానీ బయటపడలేదు. ఇదెవరు పెట్టారే అని తాతయ్య అడిగాడు. నేను కాదు అన్నాను. షాపులో ఉన్నదే ఇద్దరం.

ఆయన ఊఁ అని కళ్ళజోడు తుడుచుకున్నాడు. నన్ను వెంటబెట్టుకుని లెక్చరర్ గారింటికి వెళ్ళి, చూపు మందగించిందండీ, పొరపాటు నాదే, విప్పి మళ్ళీ కుడతాను అన్నాడు. కాగితం ఇంకో కుట్టుకి ఆగదు, ఉండనివ్వండి అన్నారాయన. నేను తాతయ్య వేలు పట్టుకుని కిక్కురుమనకుండా నిలబడ్డాను. ముసలాయనకి చూపు పోయిందన్న మాట ఆ నోటా ఈ నోటా పాకింది. పని తగ్గింది. తాతయ్య నన్ను పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు మడతలు మళ్ళీ నా ముందే పెట్టాడు.

తప్పును సహించనని మూడుసార్లు ఏ మొహం పెట్టుకుని రాశానో.

అక్టోబర్ 19

మేడమ్ చదివి పంపెయ్యమన్నారు. నాన్నకి చదివి వినిపించాను. ఆయనకి అప్పుడే తెలుసట. పిల్లని అడక్కురా, ఎప్పుడో తనే చెప్తుంది అన్నాడట తాతయ్య.

పంపేశాను.

నవంబర్ 2

సీటు సంగతి ఇంకా తెలియదు. లెక్చరర్ గారింటికి వెళ్ళి నిజం చెప్పాను. ఆయన నిఘంటువు తెచ్చి నా ముందు పెట్టారు. వెన్ను మీద నిలబెట్టి చేతులు తీసేశాను. తెరుచుకుంది. అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి.