ఆర్డరు రాని చోట

చిరంజీవి అమ్మాయిని మీ నాన్న దీవించి రాసేది. ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. నా మోకాలే మాట వినడం లేదు. "మీరు ఎవరి మాట విన్నారు గనక" అంటోంది మీ అమ్మ, పక్కనే కూర్చుని.

మీ మిలిటరీ కాలేజీలో బల్ల మీద ఇసుకతో ఊళ్ళూ దారులూ కట్టి ఆడించిన ఆ యుద్ధం ఆట ఎలా ఉందని అడిగావు. ఆ రోజు ఆట అవగానే వచ్చేశాను. నచ్చలేదనుకున్నావు. కాదే, పాత సంగతొకటి గుర్తొచ్చింది.

మేజరు అయ్యాక కూడా నా కూతురు బొమ్మ లారీలతో ఆడుకుంటోందని ముందు లోపల నవ్వుకున్నాను. ఒక్కో లారీకి ఒక్కో ఆఫీసరు. అవే ఆర్డర్లతో రెండుసార్లు ఆడించావు. రెండోసారి ముందు లారీకి పంక్చరు అన్నావు, అంతే. మొదటిసారి గెలిచిన ఊరు ఈసారి పోయింది.

"ఎవరి తప్పమ్మా?" అన్నాను.

"ఎవరిదీ కాదు నాన్నా. యుద్ధంలో ఆవగింజంత తేడా కొండంత అవుతుంది. ఏ గింజ అవుతుందో ముందు ఎవరూ చెప్పలేరు" అన్నావు.

మూడోసారి, ఆర్డరు అందకపోతే డ్రైవరు తనకు తోచిన దారి పట్టొచ్చన్నావు. అదే పంక్చరు. లారీలు నీళ్ళచుక్క పడ్డ చీమల్లా చెదిరి, ఎవరూ చెప్పకుండానే అవతల మళ్ళీ బారు కట్టాయి. బతుకంతా మిలిటరీ లారీ తోలినవాణ్ణి, ఇంత వింత చూడలేదు.

ఇప్పుడు నిజం లారీలు తీసుకుని సరిహద్దుకి వెళ్తున్నావు. డ్రైవరు తోచిన దారి పట్టొచ్చన్న ఆ ముక్క ఆర్డర్లలోంచి కొట్టెయ్యమని మీ పెద్దసారు పట్టుబట్టాడు, ఏం చెయ్యనని అడిగావు.

నీకు చెప్పనిది ఒకటుంది. మీ పెదనాన్న జ్వరంతో పోలేదు. యుద్ధంలో వంతెన దగ్గర ముందు లారీ ఇంజను వేడెక్కి ఆగింది. వెనక అందరం ఆగాం. పక్కన పొలమంతా ఖాళీ. మీ పెదనాన్న తోలే లారీ వెనక లారీ నాది. "పొలంలోకి దించుదామా అన్నా?" అని అరిచాను. "ఆర్డరు రానీరా" అన్నాడు. విమానాలు వచ్చాయి.

ఇన్నేళ్ళూ ఆ ఆర్డరు ఇవ్వని మా ఆఫీసర్ని తిట్టుకుంటూ బతికాను. నీ బల్ల చూశాక తిట్టడానికి మనిషి దొరకడం లేదు.

ఆ ముక్క కొట్టెయ్యకు. చివరికి ఏమవుతుందో నీకూ తెలియదు, మీ పెద్దసారుకీ తెలియదు. దారి కనపడేది లారీలో ఉన్నవాడికే. ఉరిమితే ఉరమనీ ఆయన్ని.

మాకెవరైనా ఆ రోజు ఆ మాట చెప్పి పంపి ఉంటే, ఈ ఉత్తరం నీకు మీ పెదనాన్నే రాసేవాడు. ఆయన దస్తూరి ముత్యాల్లా ఉండేది.

ఇట్లు,
నీ మొండి నాన్న